గాలి ఎటునుంచి తోలుతోందండీ?

మొన్న తణుకు దగ్గర ఒక నూనె ఫ్యాక్టరీకి వెళ్ళాను. గేట్లు పట్టుకుని తిరగడమే నా ఉద్యోగం. ఈమధ్య ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా గేటు దగ్గర ఒక టాబ్ పెడుతున్నారు కదా. పేరూ ఫోన్ నంబరూ అడుగుతుంది, ఫొటో తీస్తుంది, లోపల ప్రమాదం రాకుండా ఎలా మసలుకోవాలో ఒక వీడియో చూపిస్తుంది, చివర్లో కొన్ని ప్రశ్నలు వేస్తుంది. అన్నీ సరిగ్గా చెబితే పచ్చరంగు, లేకపోతే ఎరుపు. ఎరుపొస్తే గేటు తెరుచుకోదు. ఎవరికి శిక్షణ అయింది, ఎవరికి గడువు తీరింది, ఈ క్షణాన లోపల ఎవరెవరున్నారు అన్నది ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ సాఫ్ట్‌వేరు అమర్చడం, మొరాయించినప్పుడు బుజ్జగించడం నా పని. మా ఆఫీసు తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర్లో ఉంటుంది.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను గుర్తుపట్టాడు. "మీకెందుకు సార్ ఈ వీడియో, మీ సరుకే కదండి. స్కిప్ కొట్టేద్దామండి" అంటూ టాబ్ మీదికి చెయ్యి చాపాడు. నేనూ సరేనన్నట్టు తలూపాను. ఈలోపే అందులోంచి గొంతు వచ్చింది.

"నమస్కారమండీ. ముందు కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. తరవాత మాట్లాడుకుందాం."

నేను కూర్చున్నాను. ఆ గొంతు కూర్చోమంటే నిలబడే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. ఆ గొంతుగలావిడ పోయిన వానాకాలంలో చనిపోయారు. నాకు కబురు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి.

నేను ఆవిడని మొదటిసారి చూసింది ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో, కొల్లేటి చెరువుల మధ్య ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో. ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో ఏళ్ళ తరబడి డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యాక ఆ ఫ్యాక్టరీ గేటుకి ఇన్‌చార్జిగా వచ్చారు. అందరూ మేడంగారు అనేవారు. ఫ్యాక్టరీలో మేనేజరుండగా, ఇంజినీర్లుండగా, మేడంగారంటే మాత్రం ఆవిడే. మనిషి మంచి పొడగరి. గంజి పెట్టిన నేత చీర, దాని కింద తెల్లటి కాన్వాసు బూట్లు, చేతికి మగవాళ్ళ వాచీ, మెళ్ళో నల్ల తాడుకి వేలాడే స్టీలు విజిల్. ఆ విజిల్‌ని రోజూ పొద్దున్నే నిమ్మకాయతో తోమేవారు. కొందరు బంగారాన్ని కూడా అంత శ్రద్ధగా తోమరు.

నేను సాఫ్ట్‌వేరు అమర్చడానికి బ్యాగు తగిలించుకుని దర్జాగా వెళ్ళాను. ఆవిడ లేచి నమస్కారం పెట్టి, కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, పాత వీడియో ఒకటి నా ముందు పెట్టారు. నేను నవ్వి, నేను ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చినవాణ్ణి కాదండీ, ఇకమీదట ఈ వీడియోలన్నీ నడిపించే యంత్రాన్ని తెచ్చినవాణ్ణి అన్నాను. వంట చేసినవాడు కూడా కూర్చుని తినాలి కదండీ అన్నారు ఆవిడ. సరే, చూశాను. అయిపోయింది కదా అని లేవబోతుంటే అడిగారు.

"గాలి ఎటునుంచి తోలుతోందండీ?"

నాకేమీ అర్థం కాలేదు. ఫ్యానుగాలి సంగతా అనుకుని పైకి చూశాను కూడా. ఆవిడ నవ్వలేదు. బయటికెళ్ళి చూసి రండి, ఈలోపు ఇంకో గ్లాసు మజ్జిగ తెప్పిస్తాను అన్నారు.

సంగతేమిటంటే, రొయ్యల్ని గడ్డకట్టించే గదులకి చల్లదనం అమ్మోనియా అనే గ్యాసుతో వస్తుంది. పైపులో ఎక్కడన్నా అది కారితే కళ్ళూ ఊపిరితిత్తులూ కాల్చేస్తుంది. అప్పుడు మనిషి గాలి ఎటు వెళ్తోందో అటు పరుగెడితే గ్యాసు కూడా అతనితోపాటే వస్తుంది. గాలి వచ్చే వైపుకి, కారే చోటుని తప్పించుకుని, వెళ్ళాలి. ఆ ఫ్యాక్టరీకి తూర్పున రోడ్డూ గేటూ, పడమర చెరువుగట్టు. మధ్యలో మిషను గది. పొద్దుటిపూట పడమటి గాలి తోలితే గట్టు మీదికెళ్ళాలి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే గేటు దగ్గరికి రావాలి. మొత్తం సేఫ్టీ అంతా ఇదేనా అంటే కాదు గాని, ప్రాణం మీదికొచ్చిన రోజున పనికొచ్చేది ఇదే. గాలి ఎటు తోలుతోందో చూపడానికి కంపెనీ గడకి కట్టిన గాలిసంచి చిరిగిపోతే ఆవిడ తన పాత ఎర్రచీర అంచు చింపి వెదురుగడకి కట్టించారు. గేటు గదిలోంచి, రొయ్యలు ఒలిచే షెడ్డులోంచి, ఎక్కణ్ణుంచి చూసినా అది కనిపించేది.

నేను బయటికెళ్ళి ఆ చీరపేలిక చూసి, వెనక్కొచ్చి, పడమర నుంచండీ అన్నాను. "సంతోషమండీ. వెళ్ళి రండి" అని గేటు తీశారు.

అది ఆవిడ మాట. లోపలికి వెళ్ళండి అని ఎవరినీ అనేవారు కాదు. ఎంత పెద్ద లారీ డ్రైవరుకైనా, ఎంత చిన్న కూలీకైనా, "వెళ్ళి రండి."

మా టాబ్‌ని ఆవిడ మొదటి రోజునుంచీ వెనకబెంచీ కుర్రాడిలాగే చూశారు. వేలితో కాలింగ్ బెల్ నొక్కినంత గట్టిగా నొక్కేవారు. అది ఆలస్యం చేస్తే వీడికి టిఫిన్ పెట్టలేదా అని అడిగేవారు. పొరపాటున ఫొటో రెండుసార్లు తీస్తే వీడికి తొందరెక్కువ అనేవారు. అయినా దాన్ని తక్కువ చేసి మాట్లాడింది లేదు. లోపల ఎవరున్నారో ఏ నిమిషానికా నిమిషం చెప్పగలగడం ఆవిడకి ఎంతో నచ్చింది. హాజరు ఇంత బాగా వేసేవాడు నా సర్వీసులో ఒక్కడు కూడా లేడు అని నా ముందే పొగిడారు. ఒక్క లోపమే పట్టారు.

"వీడు మంచి కుర్రాడేనండి. కానీ ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు."

ఆ మాట ఎందుకన్నారో కొద్ది రోజులకే తెలిసింది. సాఫ్ట్‌వేరు పెట్టిన నెలలోనే అక్కడి రిపోర్టు పచ్చగా నిగనిగలాడింది. శిక్షణ నూటికి నూరుగురికీ పూర్తి. విదేశాల కొనుగోలుదార్ల తరఫున తనిఖీకి వచ్చేవాళ్ళు అడిగేది ఆ రిపోర్టే కాబట్టి మేనేజరు నాకు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. నేనూ పొంగిపోయాను. ఆవిడ మాత్రం వ్యాన్ దిగుతున్న ఒకామెని ఆపి, ఏమ్మా, వీడియోలో ఏం చెప్పారు అని అడిగారట. ఆమె ఏ మాత్రం తడబడకుండా, ఎంతో గౌరవంగా, మా మేస్త్రిగారు చూశారండి అంది.

అందులో మోసం లేదు, అదే చిత్రం. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు లంక గ్రామాలనుంచి వ్యాన్లలో వస్తారు. వాళ్ళని తీసుకొచ్చే మేస్త్రి పెద్దమనిషి. పొద్దున్నే అంతమందిని గేటు దగ్గర నిలబెట్టడమెందుకని, తనే టాబ్ ముందు కూర్చుని, వీడియో ఒక్కసారి శ్రద్ధగా చూసి, అందరి పేర్న వరసగా నొక్కుకుపోయాడు. మన వైపు పెళ్ళికి ఇంటికొకరు వెళ్తే ఇల్లంతా వెళ్ళినట్టే. పెద్దాయన చూశాక అందరూ చూసినట్టే అని ఆ ఆడవాళ్ళూ నమ్మారు, ఆయనా నమ్మాడు, మా సాఫ్ట్‌వేరూ నమ్మింది.

ఆవిడ కోప్పడలేదు. "మీ మేస్త్రిగారు మీ తరఫున అన్నం కూడా తింటారా అమ్మా?" అన్నారు. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మేస్త్రి కూడా నవ్వక తప్పలేదు. ఆ రోజునుంచి వ్యాన్ దిగినవాళ్ళు దిగినట్టు వరసలో నిలబడి, ఒక్కొక్కరూ తలెత్తి ఎర్ర పేలిక వంక చూసి, దిక్కు చెప్పి లోపలికి వెళ్ళాల్సిందే. నేను సర్వీసుకి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. పడమరండి, పడమరండి, పడమరండి అని బడిపిల్లల్లాగ చెప్పుకుంటూ వెళ్ళేవారు. ఎవరన్నా పైకి చూడకుండా ముందామె చెప్పిందే చెబితే ఆవిడకి ఎలా తెలిసేదో తెలిసిపోయేది. వెనక్కి పంపేవారు.

ఎందుకండీ ఇంత పట్టింపు అని ఒకసారి అడిగాను. స్కూల్లో ఆటలపోటీల రోజున షామియానా కూలిందన్నారు. ఇంకోసారి అడిగితే చిన్నప్పుడు పడవలో కొల్లేరు దాటుతూ గాలి మారిందన్నారు. మూడోసారి అడిగితే, జీతం ఇస్తున్నారు కదండీ మరి అన్నారు. ఏది నిజమో నాకు ఈ రోజుకీ తెలీదు. ఇలాంటి మనుషుల వెనక ఏదో పెద్ద కథ ఉండాలని మనమే అనుకుంటాం. కథేమీ లేకుండానే ఒక మనిషి అలా ఉండగలగడం చూస్తే నాకు ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ తరవాత ఎండాకాలంలో వియ్యాలవారి సంగతి జరిగింది. ఫ్యాక్టరీ యజమానిగారి అమ్మాయికి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. లగ్నాలు పెట్టుకున్నాక పెళ్ళికొడుకు తండ్రి, నాయనమ్మ, నలుగురు చుట్టాలు ఫ్యాక్టరీ చూస్తామన్నారు. గోదావరి మర్యాద తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వియ్యాలవారి కారు గేటు దగ్గర ఆగిందంటే పెళ్ళయ్యేదాకా ఆ మాటే నడుస్తుంది. మేనేజరు ముందురోజే నాచేత సాఫ్ట్‌వేరులో ముఖ్య అతిథులని కొత్త తరగతి పెట్టించాడు. ఆ తరగతి వాళ్ళకి వీడియో ఉండదు, ప్రశ్నలుండవు, పేరు కొట్టగానే పచ్చ. అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి నేను ఆ పూట గేటు గదిలోనే ఉన్నాను.

కార్లు వచ్చాయి. ఆవిడ ఎదురెళ్ళి, అందరికీ నమస్కారాలు చేసి, చేయి ఊతమిచ్చి మామ్మగారిని దింపి, గేటు గదిలో కూర్చోబెట్టి, పన్నీరు చల్లినంత పని చేశారు. మజ్జిగ గ్లాసులు చేతికొచ్చాక వీడియో పెట్టారు. నేను కొత్త తరగతి గురించి గొణిగాను. ఆవిడ వినిపించుకోలేదు. పెళ్ళికొడుకు తండ్రి కాస్త ఓపిక పట్టి, తరవాత గ్లాసు కింద పెట్టేశారు.

"మేం పనికొచ్చినవాళ్ళం కాదమ్మా. పెళ్ళివారం."

"అందుకేనండీ" అన్నారు ఆవిడ. "పనికొచ్చినవాళ్ళకి ఏమన్నా అయితే మా యజమానిగారు ఏదో ఒకటి ఇచ్చుకుంటారు. మీకేమన్నా అయితే ఏమిచ్చుకుంటారండీ?"

మేనేజరు మొహం చూడబుద్ధి కాలేదు. అప్పుడు మామ్మగారు పకపకా నవ్వారు. ఈవిడ చెప్పింది బాగానే ఉందిరా, చూద్దాం కూర్చో అని, వీడియో అంతా చూసి, గాలి ప్రశ్న రాగానే గుమ్మం దాటి తల పైకెత్తి, పడమర గాలే, ధాన్యం తూర్పారబట్టుకోడానికి బాగుంటుంది అని చెప్పి వచ్చారు. చుట్టాలూ చెప్పారు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం లేచి వెళ్ళి కార్లో కూర్చున్నారు.

యజమానిగారు లోపల్నుంచి పరుగున వచ్చారు. ఆయన మెత్తని మనిషి. చేతులు నలుపుకుంటూ, మేడంగారూ, ఈ ఒక్కరికీ అన్నారు. ఆవిడ తన మెళ్ళో ఉన్న గేటు కార్డు తీసి రెండు చేతులతో ఆయనకిచ్చారు. "మీ ఫ్యాక్టరీ, మీ గేటు. తెరవండి. కానీ ఆయన బయటికొచ్చేదాకా మీరు ఆయన చెయ్యి వదలకూడదండీ" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. పసివాణ్ణి దాటించే ముందు తల్లికి జాగ్రత్త చెప్పినట్టే చెప్పారు. యజమానిగారు కార్డు వంక, కారు వంక చూశారు. తరవాత దాన్ని ఆవిడకే ఇచ్చేసి, వియ్యంకుడి కార్లో ఆయన పక్కనే కూర్చుండిపోయారు. మామ్మగారూ చుట్టాలూ ఫ్యాక్టరీ అంతా తిరిగొచ్చేదాకా పెద్దలిద్దరూ ఏసీ వేసుకుని కార్లోనే ఉన్నారు.

దాని ఫలితం వారానికల్లా నా దగ్గరికి వచ్చింది. మేనేజరు ఫోన్ చేసి, ఇంక గేటు దగ్గర మనిషి వద్దు, వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చూసుకుని వెళ్ళేలా నిలువెత్తు యంత్రం ఒకటి పెట్టండి అన్నాడు. మేడంగారిని నెలాఖరుకి గౌరవంగా పంపేస్తామన్నాడు. ఒక్కటే చిక్కు. తెలుగు వీడియోకి గొంతు కావాలి. కూలీలు ఆవిడ మాటకి అలవాటు పడ్డారు కాబట్టి ఆవిడచేతే చదివించి రికార్డు చేయమన్నాడు.

అంటే ఆవిడ కుర్చీ లాగేసే యంత్రానికి ఆవిడచేతే మాటలు నేర్పించాలి. వెళ్ళి, తల వంచుకునే విషయం చెప్పాను. ఆవిడకి అప్పటికే తెలుసు. "నా సీట్లో కూర్చోబోయేవాడికి నేనే పాఠం చెప్పాలన్నమాట. చెబుతాను బాబూ. టీచర్లు చేసేది అదేగా" అని ఫ్యాను కట్టించి, కిటికీలు మూయించి, మంచినీళ్ళతో గొంతు తడుపుకుని సిద్ధమయ్యారు.

మా కంపెనీ రాసిచ్చిన కాగితం ఇచ్చాను. 'సందర్శకులకు సుస్వాగతం, మీ భద్రతే మా ప్రథమ ప్రాధాన్యత' అని మొదలవుతుంది. ఇది ఎవరి భాషండీ అని అడిగారు. మా కంపెనీదండి అన్నాను. మనిషిదేమో అనుకున్నాను అని కాగితం మడిచి పక్కన పెట్టి, తను రోజూ గేటు దగ్గర మాట్లాడినట్టే మాట్లాడారు. చెమటలు కారుతున్నాయి, చీర తడిసిపోతోంది, గొంతు మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు. మైదానం అవతలి కొసకి వినబడాల్సిన గొంతు అది. ఆ చిన్న గదిలో గాజు గ్లాసులు కూడా వింటున్నట్టనిపించింది.

చివరికి గాలి ప్రశ్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. జవాబు పూటపూటకీ మారిపోయే ప్రశ్నకి యంత్రం మార్కులు వేయలేదండీ, తీసేద్దాం అన్నాను.

"జవాబు మారుతుంది కాబట్టే అది ప్రశ్నండీ. మిగతావన్నీ ఎక్కాలు. ఎక్కాలు మేస్త్రి కూడా అప్పజెప్పేస్తాడు."

సరే, చూసి వచ్చామని చివర్లో సెక్యూరిటీ మనిషిచేత ఒక బటన్ నొక్కిద్దాం అన్నాను. కానీ ఎవరూ బయటికెళ్ళి చూడకుండానే నొక్కేస్తారండీ అని కూడా ఉన్నమాట చెప్పాను.

"నొక్కేవాడు నొక్కుతాడు బాబూ. వెళ్ళి చూసేవాడు కూడా ఒకడుంటాడు కదా. వాడి కోసం ఉంచండి."

ఉంచాను.

ఆ కొత్త యంత్రాన్ని బిగించడానికి వెళ్ళిన రోజునే అది జరిగింది. వడగాలి రోజులు. ఇంకా మధ్యాహ్నం కాలేదు. నేను గేటు గదిలో నేలమీద కూర్చుని వైర్లు కలుపుతున్నాను. ముందు వాసన వచ్చింది, కళ్ళల్లో సూదులు గుచ్చినట్టయింది. తరవాత సైరన్. మిషను గది పక్కనుంచి తెల్లటి పొగ నేలకి ఆనుకుని మా వైపే వస్తోంది. ఆవిడ కిటికీలోంచి ఎర్ర పేలిక చూశారు. అది తిన్నగా గేటు వైపు చాచుకుని ఉంది.

మిషను గదికి అవతలున్న షెడ్లలోంచి జనం బయటికొచ్చారు. నీలం టోపీలు, రబ్బరు బూట్లు. అందరి కాళ్ళూ గేటు వైపే. ఇళ్ళు ఇటే, వ్యాన్లు ఇటే. అన్నిటికంటే ముఖ్యంగా లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి వాళ్ళ ఫోన్లన్నీ గేటు గది అరల్లోనే ఉన్నాయి. ఆపద వస్తే మనిషి ముందు తనవాళ్ళకి చెప్పుకోవాలనుకుంటాడు. ఆ చెప్పుకునే వస్తువు పొగకి ఇవతల ఉంది. వాళ్ళు తిన్నగా పొగలోకి పరుగెత్తుతున్నారు.

ఆవిడ టాబ్ తీసి నా చేతిలో పెట్టారు. "వీణ్ణి తీసుకెళ్ళండి. లోపల ఎవరున్నారో వీడికే తెలుసు. గాలికి అడ్డంగా వెళ్ళి, చుట్టుతిరిగి గట్టెక్కండి" అన్నారు. మీరూ రండి అన్నాను. అప్పటికే కొంగు మంచినీళ్ళ కూజాలో ముంచి ముక్కుకి చుట్టుకుంటున్నారు. ఆవిడ బయటికి వెళ్ళలేదు. లోపలికి వెళ్ళారు. పొగకి పక్కగా, గోడ వారన, వచ్చేవాళ్ళకి తను కనిపించేంత దూరం నడిచి అక్కడ నిలబడ్డారు.

నేను రోడ్డు మీద ఉత్తరంగా పరుగెడుతూ ప్రహరీ పక్కనుంచి చూశాను. ముందు విజిల్ వినబడింది. అంత పొడుగు విజిల్ నేను ఎన్నడూ వినలేదు. సైరన్ కూడా దాని ముందు ఆనలేదు. తరవాత ముక్కుమీది కొంగు లాగేసి ఆ గొంతు.

"ఎబౌట్ టర్న్!"

పరుగు ఆగింది. గేటు తెరిచే ఉంది. ఆ గేటుకీ జనానికీ మధ్య ఆవిడ రెండు చేతులూ పడమటి వైపుకి చాచి నిలబడి ఉన్నారు. మేస్త్రి తోసుకుని వచ్చేస్తాడేమో అనుకున్నాను. అందరికంటే ముందున్న ఒకామె తలెత్తి పేలిక చూసింది. రోజూ పొద్దున్న చూసినట్టే చూసింది. పడమర అంది. వెనక్కి తిరిగింది. ఆమె వెనక మరొకామె, ఆ వెనక ఇంకొకామె, తరవాత మేస్త్రి. గుంపంతా మళ్ళి గట్టు వైపు నడవడం మొదలుపెట్టింది. భయంతో పరుగెత్తే అంతమందిని ఇంటి దారికి ఎదురు తిప్పడం మాటలా?

చెరువుల మీదుగా తిరిగి నేను గట్టెక్కేసరికి వాళ్ళు అక్కడ వరసలో నిలబడి ఉన్నారు. మాస్కు తగిలించుకున్న ఆపరేటరు ఒకతను వాల్వు కట్టేశాడని ఎవరో చెప్పారు. నేను టాబ్ తెరిచి పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఆయ్ అండి, ఆయ్ అండి అని పలుకుతున్నారు. ఒక్కొక్కరు పలికినప్పుడల్లా ఒక పేరు పచ్చగా మారుతోంది. అన్నీ మారాయి. ఒక్క పేరు మిగిలింది. ఆవిడ తన హాజరు తనే రోజూ వేసుకునేవారు. ఆ పేరు చదివాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ చదివాను. ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు.

పొగ విరిగాక ఫైర్ వాళ్ళు ఇద్దరు ఆవిణ్ణి నడిపించుకొచ్చారు. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి, బూట్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి. నేను ఏం చేయాలో తెలీక, పిచ్చివాడిలాగ, మూడోసారి ఆ పేరు చదివాను. ఆవిడకి మాట రాలేదు. బళ్ళో పిల్లలు హాజరు పలికినట్టు కుడిచెయ్యి పైకెత్తారు.

ఆ గొంతు మళ్ళీ రాలేదు. ఆస్పత్రినుంచి వచ్చాక ఒక బొంగురు గుసగుస మిగిలింది, అంతే. విజిల్ ఊదే ఊపిరి లేదు. యజమానిగారు ఏలూరులో వాళ్ళింటికి వెళ్ళి చేతులు జోడించి, ఆ కుర్చీ మీదే, ఎప్పటికీ మీదే అన్నారు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. చెవి దగ్గరికి వంగితే గాని వినబడలేదు ఆవిడ జవాబు. "నా గొంతు మీ పెట్టెలో ఉందిగా అండీ. ఇంక నేనెందుకు?" అని నవ్వారు. ఆ నవ్వులో ఎక్కడన్నా బాధ ఉందేమోనని వెతికాను. దొరకలేదు. ఒక్క కోరిక కోరారు. గాలి ప్రశ్న తీయొద్దన్నారు. యజమానిగారు తన ఫ్యాక్టరీలన్నిటిలో పెట్టించారు. అంతకంటే మంచి తెలుగు వీడియో మా దగ్గర లేదు కాబట్టి మా కంపెనీ మిగతా గేట్లన్నిటికీ ఆ గొంతే అడిగి తీసుకుంది. ఆవిడ సరేనన్నారు. చింతలపూడి పామాయిల్ ఫ్యాక్టరీలో, ఈ తణుకు గేటులో, ఆ ఆపదకి ముందటి నిండు గొంతు అలాగే ఉండిపోయింది. ఆవిడకే లేకుండా పోయిన గొంతు.

యజమానిగారి అమ్మాయి పెళ్ళిలో ఆవిణ్ణి ఆఖరుసారి చూశాను. వియ్యంకుడుగారు పందిట్లో అంతమందిని దాటుకుని ఆవిడ కుర్చీ దగ్గరికి వచ్చారు. అంత పెద్దమనిషీ వంగి, గాలి ఎటుందమ్మా అని అడిగారు. హాస్యానికే అడిగారు గాని జోడించిన చేతులు దించలేదు. ఆవిడ పక్కనున్న పెద్ద కూలరు వైపు చెయ్యి చూపించారు. ఇద్దరూ నవ్వారు. నేను సెలవు తీసుకుంటుంటే ఆవిడ పెదాలు కదిపారు. వినబడకపోయినా ఆ మాటేమిటో నాకు తెలుసు.

తణుకు గేటు గదిలో వీడియో చివరికొచ్చింది. సెక్యూరిటీ ఆయన వేలు బటన్ మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"గాలి ఎటునుంచి తోలుతోందండీ? దీనికి జవాబు నా దగ్గర లేదు. మీరే బయటికెళ్ళి చూసి రండి. నేను ఇక్కడే ఉంటాను."

నొక్కేయనా సార్ అన్నాడు ఆయన. ఆగమన్నాను. లేచి బయటికెళ్ళాను. ఎండ చురుక్కుమంటోంది. షెడ్డు మీద నారింజ రంగు గాలిసంచి ముందు వేలాడింది, తరవాత మెల్లగా నిండి, తిరిగింది. తూర్పునుంచి తోలుతోంది. లోపలికొచ్చి, ఆ టాబ్ ఎదురుగా నిలబడి, తూర్పునుంచండీ మేడంగారూ అని గట్టిగానే చెప్పాను. ఆయన నా వంక వింతగా చూసి బటన్ నొక్కాడు.

"సంతోషమండీ" అంది గొంతు. "వెళ్ళి రండి."